బోరు నీళ్లను తట్టుకునే సింక్ కుళాయి

మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉన్న మా వంటింటికి కొన్ని నెలల కిందట కొత్త కుళాయి పెట్టించుకున్నాము. అది గోడకు బిగించే రకం సింక్ కాక్. ఇత్తడితో పోతపోసి, క్రోమ్ పూత వేసి, పొడుగాటి వంపు మెడ అటూ ఇటూ తిరిగేలా అమర్చారు. పిడిని పావు వంతు తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది, మూతి దగ్గర గాలి కలిసిన నురుగు ధార ఇచ్చే జాలీ ఉంటుంది. దుకాణాల్లో దీన్ని స్వాన్ నెక్ సింక్ కాక్ అని అడిగితే చూపిస్తారు. కోఠీలోని ట్రూప్ బజార్‌లో రెండు వేల రూపాయలకు కాస్త పైగా పడింది. ఇన్నాళ్ల వాడకం తర్వాత దీనికి నేను మంచి మార్కులే వేస్తాను. అయితే నగరంలో ప్రతి ఇంటికీ ఇదే సరిపోతుందని చెప్పలేను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఒక కుళాయి ఎంతకాలం మన్నుతుందన్నది దాని మీద ముద్రించిన కంపెనీ పేరు కన్నా దాని గుండా పారే నీళ్ల మీద, ఆ నీళ్లు దిగి వచ్చే ఎత్తు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ సమీక్షను అందుకే నీళ్లతో మొదలుపెడుతున్నాను.

నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి ఇచ్చే నల్లా నీళ్లు మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నుంచి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నుంచి వస్తాయి. నదుల్లోనూ చెరువుల్లోనూ పైన నిలిచే నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు బోరు నీళ్లలో కన్నా సాధారణంగా తక్కువ. కాని చాలా కాలనీలకు ఆ నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కొద్ది గంటలపాటే వస్తాయి. మిగతా అవసరాన్ని బోరు తీరుస్తుంది, ఎండాకాలంలో బోరు అడుగంటితే ట్యాంకరు తీరుస్తుంది. మా భవనంలో ఈ మూడు రకాల నీళ్లూ ఒకే సంపులో కలిసి, మోటారుతో ఒకే ట్యాంకులోకి ఎక్కి, ఒకే పైపులో వంటింటికి దిగుతాయి. నగరం కింద ఉన్నది గ్రానైట్ శిల. దాని పగుళ్లలో దీర్ఘకాలం నిలిచే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగిపోతాయి కనుక బోరు నీళ్లకు కాఠిన్యం ఎక్కువ. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే ఆధారం లేని చోట 600 వరకు అనుమతిస్తారు. స్టీలు గ్లాసు కడిగి బోర్లిస్తే ఆరిన చోట తెల్లటి మచ్చలు మిగులుతున్నాయా, సబ్బు సరిగ్గా నురుగు రావడం లేదా అన్నది గమనిస్తే మీ ఇంటి నీళ్లు ఈ కొలతలో ఏ వైపున ఉన్నాయో స్థూలంగా తెలిసిపోతుంది.

ఈ నీళ్లు కుళాయిని రెండు చోట్ల దెబ్బతీస్తాయి. మొదటిది మూతి దగ్గరి జాలీ. కుళాయి కట్టేసిన ప్రతిసారీ జాలీకి కొంత తడి అంటుకుని ఆరుతుంది, ఆరిన ప్రతిసారీ సున్నపు పొర ఒకటి పేరుకుంటుంది, క్రమంగా ధార సన్నబడి పక్కలకు చిమ్మడం మొదలవుతుంది. రెండోది లోపల నీటిని ఆపే భాగం, దానికి హాని చేసేది ఇసుక. సంపు కడిగినప్పుడు, వీధిలో పైపు లైను మరమ్మతు జరిగినప్పుడు, బోరు మట్టం బాగా పడిపోయినప్పుడు సన్నటి ఇసుక పైపుల్లోకి చేరుతుంది. కుళాయి కొనేటప్పుడు ఈ రెండు చోట్లనూ విప్పి శుభ్రం చేసుకునే వీలుందా, అరిగితే ఆ భాగం విడిగా దొరుకుతుందా అన్నదే నేను దుకాణదారును మొదట అడిగిన ప్రశ్న.

లోపలి భాగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కుళాయికీ కొత్త కుళాయికీ అసలు తేడా అక్కడే ఉంది. పాత రకంలో పిడిని చాలా చుట్లు తిప్పితే మర కిందికి దిగి, దాని చివరనున్న రబ్బరు వాషరును నీళ్లు వచ్చే రంధ్రం మీద అదిమి పెడుతుంది. వాషరు అరిగినప్పుడల్లా మనం ఇంకాస్త బలంగా బిగిస్తాము, బిగించినకొద్దీ వాషరు మరింత నలుగుతుంది, చివరికి చుక్క చుక్కగా కారుతుంది. సెకనుకు ఒక చుక్క, చుక్కకు పావు మిల్లీలీటరు అని లెక్క వేసినా రోజుకు 21 లీటర్లకు పైగా వృథా అవుతుంది. ట్యాంకరుకు డబ్బు కట్టే భవనంలో ఇది చిన్న నష్టం కాదు. కొత్త రకంలో వాషరు స్థానంలో రెండు గుండ్రటి పింగాణీ బిళ్లలు ఉంటాయి. అల్యూమినాతో చేసి, అద్దమంత నునుపుగా సానబట్టినవి. ఒకటి కదలదు, మరొకటి పిడితో పాటు తిరుగుతుంది. రెండింటి రంధ్రాలూ ఎదురెదురుగా వచ్చినప్పుడు నీళ్లు వస్తాయి, పావు చుట్టు తిప్పి తప్పించగానే ఆగిపోతాయి. అదిమే పని లేదు కాబట్టి బలం అక్కరలేదు. కీళ్ల నొప్పులున్న మా అత్తయ్య ఇప్పుడు మోచేత్తో నెట్టి కుళాయి కడుతున్నారు. పిండి చేతులతో ఉన్నప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా పాత రకాన్ని వదులుకోవచ్చు.

పింగాణీ బిళ్లలకు ఉన్న బలహీనత ఇసుకే. ఒక రేణువు మధ్యలో ఇరుక్కుంటే బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని కూర్చోలేవు, కింద ఉండే రబ్బరు సీలు కూడా కోసుకుపోతుంది. అప్పుడు కుళాయి మొత్తం మార్చనక్కర లేదు, ప్లంబర్లు స్పిండిల్ అని పిలిచే ఆ లోపలి భాగాన్ని మారిస్తే చాలు. చిక్కెక్కడంటే, చూడటానికి ఒకేలా ఉన్నా స్పిండిల్ పళ్ల సంఖ్య, పొడవు, తిరిగే దిక్కు కంపెనీని బట్టి మారతాయి, ఒకదానిది మరొకదానికి పట్టదు. పేరు తెలియని చవక కుళాయిలతో అసలు కష్టం ఇదే: కొన్నాళ్లకు స్పిండిల్ పోతుంది, అదే కొలత ఎక్కడా దొరకదు, బాగున్న ఇత్తడి ఒంటిని పాత సామాను వాడికి ఇచ్చేయాల్సి వస్తుంది. జాక్వార్, దాని చవక శ్రేణి అయిన ఎస్కో, హింద్‌వేర్, సెరా, ప్యారీవేర్ వంటి పేర్లకు నేను విలువ ఇచ్చేది ఇందుకే. వాటి విడిభాగాలు నగరంలో దొరుకుతాయి. కొన్న రోజునే అదనంగా ఒక స్పిండిల్ తీసుకుని వంటింటి సొరుగులో ఉంచుకోవడం మంచిది, దాని ఖరీదు కుళాయి ఖరీదులో చిన్న భాగమే. మేము కొన్నది ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. ఈ నమూనాను పైన చెప్పిన వారందరూ దాదాపు ఒకేలా తయారు చేస్తున్నారు కాబట్టి ఈ సమీక్ష ఆ నమూనాకే వర్తిస్తుంది.

ఇక ఒత్తిడి సంగతి. ట్యాంకు నుంచి కిందికి దిగే నీటికి ప్రతి పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా ఇంటి పైన డాబా, డాబా మీద దిమ్మెల పైన ట్యాంకు. ట్యాంకు అడుగుకూ సింక్ కుళాయికీ మధ్య తేడా నాలుగు మీటర్లు ఉంటే గొప్ప. అంటే మాకు వచ్చేది 0.4 బార్ మాత్రమే, పైపు మలుపుల్లో పోయేది పోగా ఇంకా తక్కువ. అదే భవనంలో కింది అంతస్తు వారికి 1.5 బార్ దాకా వస్తుంది. షోరూముల్లో ఆకర్షణీయంగా కనిపించే విదేశీ నమూనాలు, ముఖ్యంగా మూతిని బయటికి లాగి షవరులా వాడుకునే పుల్ అవుట్ రకాలు, ఒక బార్‌కు పైబడిన ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాటిలో నీళ్లు సన్నటి గొట్టం గుండా కిందికి వెళ్లి మళ్లీ పైకి రావాలి, ఆ పైన జాలీ దాటాలి. మాకూ అలాంటిది పెట్టుకోవాలని మనసు పడింది. కాని గోడ చూడటానికి వచ్చిన ప్లంబర్, "పై అంతస్తుల ఉన్నరు గదమ్మా, గుంజే నల్లా పెట్టకుండ్రి, ధార రాదు," అని తేల్చి చెప్పాడు. ఆయన చెప్పింది నిజమేనని లెక్క కూడా చెబుతోంది.

కొనే ముందు ప్రతి ఒక్కరూ చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. పాత కుళాయికి జాలీ ఉంటే విప్పి, పూర్తిగా తెరిచి, లీటరు సీసా నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడాలి. పది సెకన్లలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు వస్తున్నట్టు, గిన్నెలు తోముకోవడానికి అది హాయిగా సరిపోతుంది. ఇరవై సెకన్లు దాటుతుంటే మాత్రం జాలీ సన్నగా ఉన్న కుళాయి, పుల్ అవుట్ కుళాయి రెండింటి జోలికీ పోవద్దు, లేదా ముందు ప్రెషర్ పంపు గురించి ఆలోచించండి. జాలీల్లోనూ తక్కువ ఒత్తిడికి తగినవి, ఎక్కువ ఒత్తిడికి తగినవి వేర్వేరుగా ఉంటాయి, దుకాణంలో అడిగి తీసుకోవచ్చు. మేము తీసుకున్నదానికి వచ్చిన జాలీని చేత్తో విప్పవచ్చు, పనిముట్టు అక్కరలేదు. నెలకోసారి విప్పి, నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో తోమితే సున్నం కరిగిపోయి ధార మళ్లీ నిండుగా వస్తోంది.

పదార్థం విషయంలో నాకు తెలిసిన మంచి కొలమానం బరువు. ఇత్తడి కుళాయి చేతిలో పెట్టగానే దాని బరువు తెలుస్తుంది; జింకు మిశ్రమంతో పోతపోసి పైన మెరుగు పెట్టినవి అంతే నిగనిగలాడినా తేలికగా ఉంటాయి, కఠిన జలం పూతను దాటి లోపలికి చేరితే త్వరగా గుల్లబారతాయి. పిడి జింకుదైనా పెద్ద నష్టం లేదు, నీళ్లు తగిలే ఒళ్లు మాత్రం ఇత్తడిదే ఉండాలి. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 8931 అన్న సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. రాగి మిశ్రమంతో చేసిన ఈ రకం కుళాయిలకు సంబంధించిన ప్రమాణం అది. స్టెయిన్‌లెస్ స్టీలు కుళాయిలు కూడా బాగుంటాయి, అయితే అవి 304 రకానివై ఉండాలి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ తగ్గించిన 202 రకాన్ని 304 అని చెప్పి అమ్మేవారు ఉన్నారు. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, ఆ రెండు రకాలనూ అయస్కాంతం సాధారణంగా పట్టుకోదు కాబట్టి ఆ పరీక్ష వాటి మధ్య తేడా చెప్పలేదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి. ప్లాస్టిక్ కుళాయిలు తుప్పు పట్టవు, ధర తక్కువ, బాల్కనీలో బట్టలు ఉతికే చోటికి అవి చాలు. బరువైన కుక్కర్లు తగిలే వంటింటి సింక్‌కు నేను సిఫారసు చేయను.

ఇత్తడిని చెక్కడానికి వీలుగా అందులో కొద్దిగా సీసం కలపడం పరిశ్రమలో ఉన్న పద్ధతి. ఒంటికి హాని చేసే ఆ సీసం నిలిచిన నీళ్లలోకి కొద్దిగా దిగవచ్చు. రాత్రంతా కుళాయిలో నిలిచిన నీళ్లను పొద్దున్నే నేరుగా తాగడానికి, వంటకు పట్టుకోకుండా మొదటి చెంబెడు నీళ్లు గిన్నెలు తడపడానికి వాడుకుంటే మంచిది. పిల్లలున్న ఇళ్లలో దీన్ని అలవాటుగా చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. మ్యాట్ నలుపు కుళాయిలు ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్నాయి, కాని బోరు నీళ్ల ఇంట్లో నలుపు మీద ప్రతి చుక్కా తెల్ల మచ్చగా మిగులుతుంది. క్రోమ్ మీద అవే మచ్చలు అంతగా కనిపించవు, పొడి గుడ్డతో తుడిస్తే పోతాయి.

కొలతల దగ్గర మాత్రం తొందరపడకూడదు. గోడ నుంచి సింక్ రంధ్రం మధ్య వరకు టేపుతో కొలిచి, ధార దాదాపు ఆ రంధ్రం మీద పడేంత పొడుగున్న మెడనే ఎంచుకోవాలి. మెడ పొట్టిదైతే ధార సింక్ వెనక గోడకు తగులుతుంది, గిన్నె పట్టుకున్న చేతులు ఇరుకున పడతాయి. ఎత్తు విషయంలో మీ ఇంట్లో అతి పెద్ద గిన్నె ఏదో చూసుకోండి. మాకు అది పండుగలకు పులిహోర కలిపే డేగిసా, దాన్ని ఏటవాలుగా పెట్టి కడగడానికి వీలుండాలి. అలాగని ఎత్తు మరీ ఎక్కువైతే, సింక్ లోతు ఎనిమిది అంగుళాల లోపు ఉన్నప్పుడు, నీళ్లు అడుగుకు తగిలి చీర కుచ్చిళ్ల మీదికి చిమ్ముతాయి. నురుగు ధార ఇక్కడ కూడా మేలు చేస్తుంది, గాలి కలిసిన ధార మెత్తగా పడుతుంది కనుక చిమ్మడం తక్కువ.

గోడకు బిగించేదా, గట్టు మీద నిలబెట్టేదా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: మీ గోడలో ఇప్పటికే పాయింటు ఉంటే దాన్నే వాడుకోండి. గట్టు మీది రకానికి మారాలంటే గ్రానైటుకు రంధ్రం వేయాలి, సింక్ కింద యాంగిల్ కాక్ (నీళ్లు కట్టేసే చిన్న వాల్వు), కనెక్షన్ పైపు కొత్తగా పెట్టాలి, పాత పాయింటును మూయాలి. గట్టు మీద కుళాయి మొదట్లో నీళ్లు నిలిచి, రంధ్రం గుండా కింది అరలోకి జారడం కూడా ఉంటుంది. ఇక వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే మిక్సరు కుళాయి వంటింట్లో గీజరు ఉన్నవారికే పనికొస్తుంది. మన నగరంలో చాలా వంటిళ్లకు ఒకే పైపు వస్తుంది. అలాంటి చోట మిక్సరు కొంటే రెండో దారికి మూత బిగించి, వాడని వసతికి డబ్బు చెల్లించినట్టవుతుంది.

కొనుగోలు గురించి. ట్రూప్ బజార్‌లో శానిటరీ దుకాణాలు వరసగా ఉంటాయి, ఒక దుకాణంలో చూసినదాన్ని పక్క దుకాణంలో పోల్చుకోవచ్చు. సికింద్రాబాద్ వైపు వారికి రాణీగంజ్ దగ్గర. బంజారాహిల్స్ వంటి చోట్ల ఉన్న షోరూముల్లో ఏర్పాట్లు అందంగా ఉంటాయి, కాని మేము చూసిన వాటిలో గోడకు తగిలించిన కుళాయిలకు నీళ్ల కనెక్షన్ లేదు. మేము కొన్న దుకాణంలో యజమాని నాలుగు రకాల కుళాయిలు గల్లా బల్ల మీద పెట్టి, చేతికిచ్చి బరువు చూడమన్నారు, జాలీ విప్పి చూపించారు, స్పిండిల్ బయటికి తీసి దాని విడి ధర చెప్పారు. ఇంత ఓపిక షోరూముల్లో నాకు కనిపించలేదు. ముద్రించిన ధర మీద తగ్గింపు అడగడం ఇక్కడ మామూలే, అడగనివారికి పూర్తి ధర పడుతుంది. బిల్లు లేకుండా ఇంకొంచెం తగ్గిస్తామని కొన్ని చోట్ల అంటారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే ఏళ్ల తరబడి ఉండే వారంటీ పోతుంది. కాబట్టి బిల్లు తీసుకోవాలి, దాని ఫోటో కూడా తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి.

బిగింపు చిన్న పనే, అయినా దగ్గర ఉండి చూసుకోవాలి. పాత కుళాయి విప్పాక కొత్తది పెట్టే ముందు పైపు కింద బకెట్ పట్టి కాసేపు నీళ్లు వదలమని ప్లంబరుకు చెప్పండి; పైపులో పేరుకున్న ఇసుక, పాత టేపు ముక్కలు అప్పుడే బయటికి వచ్చేస్తాయి, లేకపోతే అవి నేరుగా కొత్త పింగాణీ బిళ్లల మధ్యకు చేరతాయి. సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులున్న ఇళ్లలో గోడ లోపలి ఎల్బోకు, అంటే పైపు మలుపు ముక్కకు, ఇత్తడి మర ఉంటుంది. కుళాయిని పానాతో అతిగా బిగిస్తే ఆ ఎల్బో పగిలి, చెమ్మ గోడ లోపలే వ్యాపిస్తుంది, అది బయటపడేసరికి టైల్స్ పగలగొట్టాల్సిందే. తెల్ల టేపు సరిపడా చుట్టి, చేత్తో బిగించి, ఆఖర్న కొద్దిగా పానా వాడితే చాలు.

వాడకంలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మెడ తిరిగే చోట సున్నం పేరుకుని, కొన్ని వారాలు తిప్పకపోతే బిర్రుగా అవుతోంది. రోజూ ఒకసారైనా అటూ ఇటూ తిప్పుతుంటే ఆ ఇబ్బంది లేదు. కట్టేసిన కొద్దిసేపటికి మెడ వంపులో మిగిలిన నీళ్లు కొన్ని చుక్కలుగా రాలుతాయి. అది కారడం కాదు, జాలీ పట్టి ఉంచిన నీళ్లు జారడమే, కాని మొదట్లో ఇంట్లో అందరూ కుళాయి పాడైందనుకున్నారు. క్రోమ్ పూత మీద బాత్రూము ఆమ్లం ఎట్టి పరిస్థితిలోనూ పడనీయకండి, స్టీలు పీచుతో తోమకండి. నిమ్మరసమైనా వెనిగరైనా రాసి కాసేపట్లో కడిగేయాలి, రాత్రంతా వదిలేస్తే పూత మసకబారుతుంది.

పై అంతస్తు, బోరు నీళ్లు, ఒకే పైపు, ఒకే తొట్టి సింక్ ఉన్న ఇంటికి ఈ నమూనాను సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. కొత్తపేటలో బహుళ అంతస్తుల భవనం కింది అంతస్తులో ఉండే మా చెల్లెలు పుల్ అవుట్ మిక్సరు పెట్టించుకుంది, వంటింట్లో చిన్న గీజరు కూడా ఉంది, ధార నిండుగా వస్తుంది, రెండు తొట్ల సింక్‌లో ఏ మూలకైనా గొట్టం అందుతుంది. దాని ధర మా కుళాయికి మూడు రెట్లకు పైనే. అలాంటిది తీసుకునేవారు సింక్ కింది అరలో గొట్టానికి వేలాడే బరువు స్వేచ్ఛగా కదిలేలా చోటు వదలాలి. అక్కడ చెత్తబుట్ట, సబ్బు డబ్బాలు అడ్డు పెడితే లాగిన మూతి మళ్లీ తన చోటికి తిరిగి వెళ్లదు.